ఈవ్ ఆన్‌లైన్: కొత్తవాడు ఏ రకం పీవీపీతో (ఆటగాళ్ల మధ్య పోరాటంతో) మొదలుపెట్టాలి?

కొత్త_పైలట్ (వరంగల్):
అందరికీ నమస్తే. ఈవ్ అనే అంతరిక్ష ఓడల ఆన్‌లైన్ గేమ్‌ని ఆల్ఫా అకౌంట్ (ఉచిత అకౌంట్) మీద ఆడుతున్నాను. ఇన్నాళ్లూ మైనింగ్, మిషన్లు చేసుకుంటూ ఉండి ఈ మధ్యే మిన్మాటర్ అనే దేశం తరఫున ఫ్యాక్షన్ వార్‌ఫేర్‌లో (గేమ్‌లోని దేశాల మధ్య యుద్ధంలో) చేరాను. నిన్న రాత్రి అమామాకే అనే సిస్టమ్ దగ్గర నా రిఫ్టర్‌కి (చిన్న ఓడ) ఇంకొకడి కాండర్ అనే చిన్న ఓడ తగిలింది. వాడు ఇరవై కిలోమీటర్ల దూరంలో తిరుగుతూ మిస్సైళ్లు వదులుతున్నాడు. నా ఆటోకెనాన్ల (దగ్గరి తుపాకుల) దెబ్బ అంతదూరం ఆనదు. వెంటపడితే వాడూ అంతే జరుగుతాడు. పోనీ పారిపోదామంటే వార్ప్ (మెరుపు వేగంతో వేరే చోటికి దూకడం) కాదు. నా దగ్గర వేగం పెంచే మైక్రోవార్ప్ డ్రైవ్, ఎదుటివాడి వార్ప్ ఆపే స్క్రామ్, వాడి వేగం తగ్గించే వెబ్ ఉన్నాయి, ఒక్కటీ పనికి రాలేదు. నేనూ కాండర్ కొనుక్కుని అలాగే ఆడాలా? పైగా లండన్ సర్వర్‌కి నా పింగ్ 150 దాకా చూపిస్తోంది. దీంతో పీవీపీ కుదురుతుందా?

రిఫ్టర్_పాతకాపు:
తమ్ముడూ, పింగ్ గురించి టెన్షన్ వదిలెయ్. ఈవ్ సర్వర్ ఓడల కదలికల్ని సెకనుకి ఒకసారే లెక్కగడుతుంది. షూటింగ్ గేముల్లోలాగా మిల్లీసెకన్ల పోటీ కాదిది. నీ ఇంటర్నెట్ మధ్యలో తెగిపోకుండా ఉంటే చాలు.

ఇక అసలు విషయం. ఫ్రిగేట్ల (రిఫ్టర్, కాండర్ లాంటి చిన్న ఓడల) పోరాటంలో దూరం ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్లది. టెక్ 2 (మెరుగైన రకం) వార్ప్ డిస్‌రప్టర్ 24 కిలోమీటర్ల దాకా పట్టుకుంటుంది, వార్ప్ ఆపడం తప్ప ఇంకేమీ చేయదు. టెక్ 2 స్క్రామ్ 9 కిలోమీటర్లే, కానీ అది ఎదుటివాడి మైక్రోవార్ప్ డ్రైవ్‌ని కూడా ఆపేస్తుంది. టెక్ 2 వెబ్ 10 కిలోమీటర్ల లోపు పనిచేసి వేగాన్ని 60 శాతం కోస్తుంది. కైటర్ (దూరం నుంచి కొట్టేవాడు) బతికేది ఈ తొమ్మిదికీ ఇరవై నాలుగుకీ మధ్య. బ్రాలర్ మీదకొచ్చి స్క్రామ్, వెబ్ రెండూ వేసి తేల్చుకుంటాడు. ఈ ఇద్దరికీ నడుమ స్క్రామ్ కైటర్ ఉంటాడు. వాడు నిన్ను స్క్రామ్‌తో పట్టి, ఆఫ్టర్‌బర్నర్ (వేగం పెంచే ఇంకో రకం యంత్రం) మీద ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గరే నిలబడతాడు. స్క్రామ్ ఆఫ్టర్‌బర్నర్‌ని ఆపలేదు కదా.

నిన్న ఆ కాండర్‌ని నువ్వు పట్టుకోగలిగేవాడివే. వాడి వెంట పడకూడదు, వాడికి ఎదురుదిక్కున తిన్నగా పరుగెత్తాలి. నువ్వు 24 దాటితే పాయింట్ (వాడి డిస్‌రప్టర్ పట్టు) పోతుంది కాబట్టి వాడు నీ వెనకాలే పూర్తి వేగంతో రాక తప్పదు. వాడి ముక్కు నీ వైపు తిరిగి, దూరం తగ్గడం మొదలైందని ఓవర్‌వ్యూలో (చుట్టూ ఉన్న ఓడల జాబితాలో) కనిపించగానే వాడి వైపు ఖాళీ ఆకాశంలో డబుల్ క్లిక్ చెయ్. మైక్రోవార్ప్‌నీ స్క్రామ్‌నీ రెండింటినీ ఓవర్‌హీట్ చెయ్, అంటే వేడెక్కించి మామూలుకి మించి పనిచేయించు. వేడెక్కిన స్క్రామ్ 10.8 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. రెండు ఓడలూ ఎదురెదురుగా వస్తున్నాయి కాబట్టి వాడు తేరుకుని పక్కకి తిరిగేలోపే నీ స్క్రామ్ పడుతుంది. ఆ వెంటనే వెబ్. అక్కడితో కాండర్ పని అయిపోయినట్టే, దాని ఒంటికి బలం తక్కువ. దీన్నే స్లింగ్‌షాట్ అంటారు. ప్రతిసారీ పడదు, చేతులు తిరిగిన కైటర్ నీ ఎత్తు కనిపెట్టి ముందే పక్కకి తప్పుకుంటాడు.

అయినా సరే, ముందు బ్రాలింగే నేర్చుకో. కాండర్ మంచి ఓడ, కైటింగ్ కూడా గొప్ప విద్యే. కానీ కొత్తలో కైటింగ్ చేసేవాడు ఆట కాస్త అటూఇటూ కాగానే వెళ్లిపోతాడు. మాడ్యూల్ (ఓడకి బిగించిన యంత్రం) ఎప్పుడు వేడెక్కించాలి, రిపేరర్ ఏ క్షణంలో వేయాలి, కెపాసిటర్ (ఓడలో కరెంటు నిల్వ) ఎంత మిగిలితే ప్రమాదం అనేవి చివరిదాకా నిలబడి కొట్టుకుంటేనే ఒంటబడతాయి. రిఫ్టర్ చవక. అరడజను ఒకేసారి ఫిట్ చేసి (యంత్రాలన్నీ బిగించి) హ్యాంగర్‌లో పెట్టుకో.

ఎక్కడ కొట్లాడాలో ఎంచుకోవడం ఇంకా ముఖ్యం. ఫ్యాక్షన్ వార్‌ఫేర్ కాంప్లెక్స్‌లోకి (రెండు పక్షాలూ పట్టు కోసం పోటీపడే చోటులోకి) యాక్సిలరేషన్ గేటు మీదుగా వచ్చేవాళ్లు లోపల బీకన్ (గుర్తు దీపం) దగ్గరే దిగుతారు. నువ్వు ముందే వెళ్లి ఆ బీకన్‌కి ఆనుకుని కూర్చుంటే, వచ్చేవాడు నీ స్క్రామ్ పరిధిలోనే కళ్లు తెరుస్తాడు. కైటర్లకి ఇది తెలుసు. గేటు దాకా వచ్చి డీ-స్కాన్‌లో (చుట్టుపక్కల ఓడల్ని వెతికే స్కానర్‌లో) రిఫ్టర్‌ని చూసి వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లిపోయినా ఆ చోటు నీదే కాబట్టి లాభమే.

వార్మ్‌హోల్_వాసి:
పాతకాపు గారు చెప్పినదంతా లో-సెక్‌లో (భద్రత తక్కువున్న ప్రాంతంలో) సరిపోతుంది. మా వైపు వేరు. వార్మ్‌హోల్ సిస్టమ్‌లలో (తాత్కాలికంగా తెరుచుకునే దారుల గుండా చేరే చోట్లలో) నువ్వు మాట్లాడితే తప్ప లోకల్ చాట్‌లో నీ పేరు కనిపించదు. డీ-స్కాన్ 14 ఏయూ (భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 14 రెట్లు) దాకా చూస్తుంది, క్లోక్ వేసుకుని మాయమైన ఓడ అందులోనూ దొరకదు. మా పోరాటం నూటికి తొంభై పాళ్లు మాటువేసి చూడటమే. ఎవరు ఎన్ని గంటలకి ఏ ఓడలో బయటికొస్తారో గమనించి, హోల్‌లోంచి ఎంత బరువు వెళ్లిందో (హద్దు దాటితే అది మూసుకుపోతుంది) లెక్క చూసుకుని, ఎదుటివాళ్లకి సాయం వచ్చే దారి మూసుకుపోయాక దిగుతాం. ఓపిక ఉన్నవాళ్లకి ఇంతకు మించింది లేదు.

స్కిమిటార్_అక్క:
ఒంటరిగా తిరగడమే పీవీపీ అనుకోకు తమ్ముడూ. నేను ఏళ్లుగా నల్-సెక్ (భద్రత అసలు లేని ప్రాంతం) ఫ్లీట్లలో లాజీ (తోటి ఓడల్ని బాగుచేసే ఓడ) నడుపుతున్నాను, తుపాకీ ముట్టుకునే పనే లేదు. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే సిస్టమ్‌లో సార్వభౌమత్వ బిల్లు (సిస్టమ్‌ని తమ అధీనంలో ఉంచుకోవడానికి కట్టేది) కట్టకపోవడంతో మొదలైన యుద్ధం 21 గంటలు నడిచి 75 టైటాన్లు (గేమ్‌లోని అతి పెద్ద ఓడలు) పోయాయి. అంత జనం చేరితే సర్వర్ గేమ్ వేగాన్ని పదో వంతుకి తగ్గిస్తుంది. అక్కడ గెలిపించేది క్రమశిక్షణే. ఎవరో నిన్ను లాక్ చేస్తుంటే ఓవర్‌వ్యూలో పసుపు పెట్టె మెరుస్తుంది, కాల్పులు మొదలయ్యాకే అది ఎర్రబడుతుంది. పసుపు కనిపించగానే సాయం కోసం బ్రాడ్‌కాస్ట్ చేసినవాణ్ణి నేను బతికించగలను. ఎర్రబడ్డాక అడిగితే నా లాక్ పూర్తయ్యేసరికి ఓడ ఉండదు. నేను నడిపే స్కిమిటార్ ఆల్ఫాలకి రాదు కానీ బర్స్ట్ అనే చిన్న లాజీ ఓడ వస్తుంది, దాంతో మొదలుపెట్టు.

కొత్త_పైలట్:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. ముందు రిఫ్టర్‌తోనే బీకన్ దగ్గర కూర్చుంటా. ఒక్క డౌట్. దగ్గరికి చేరినా నా గుళ్లు కొన్నిసార్లు తగలవు, వాడివి మాత్రం తగులుతుంటాయి. ఎందుకు?

రిఫ్టర్_పాతకాపు:
ట్రాకింగ్. మిస్సైళ్లకి దానితో పని లేదు, తుపాకులకే ఆ ఇబ్బంది. ఎదుటివాడు నీ చుట్టూ ఎంత గిర్రున తిరిగితే నీ టరెట్ అంత వెనకబడుతుంది. ఓవర్‌వ్యూలో యాంగ్యులర్ వెలాసిటీ (చుట్టూ తిరిగే వేగం) కాలమ్ ఆన్ చేసుకో. వాడి దగ్గర దూరపు తుపాకులైన ఆర్టిలరీ గానీ బీమ్ లేజర్ గానీ ఉంటే 500 మీటర్లలోకి దూరి తిరుగు, వాడు కొట్టలేడు. వాడివీ దగ్గరి తుపాకులే అయితే వెబ్ వేసి కొంచెం ఎడంగా జరుగు. వాడి మీదకి తిన్నగా మాత్రం వెళ్లొద్దు, అప్పుడు యాంగ్యులర్ సున్నాకి పడి వాడి ప్రతి గుండూ నీకు తగులుతుంది. ఏటవాలుగా చుట్టు తిరుగుతూ దగ్గరికి పో.

దిగేముందు జీకిల్‌బోర్డ్‌లో (ఓడల నష్టాలు నమోదయ్యే వెబ్‌సైట్‌లో) వాడి పేరు కొట్టి పాత నష్టాలు చూడు. ఫ్రిగేట్ నడిపేవాళ్లు ఒకే ఫిట్ మళ్లీ మళ్లీ వాడతారు, ఏ తుపాకీ, ఏ ట్యాంక్ (రక్షణ) అన్నీ అక్కడే దొరుకుతాయి. టైమ్ సంగతి కూడా చెబుతాను. యూరప్ వాళ్లు గుంపులుగా దిగేది మనకి రాత్రి 11:30 దాటాక. సాయంత్రం 4:30కి సర్వర్ ఆగి మళ్లీ లేస్తుంది. అక్కడినుంచి తొమ్మిది, పది దాకా లో-సెక్ పలచగా ఉంటుంది, ఒంటరిగా తిరిగే ఫ్రిగేట్లు ఎక్కువగా దొరికేది అప్పుడే. ఈ వారం నేను ఆ టైమ్‌లోనే ఆన్‌లైన్‌లో ఉంటాను. నీ ఫిట్ ఇక్కడ పెట్టు, చూసి చెబుతా.