స్పితికి బండి రైల్లో వేసుకెళ్తే అది రైడ్ కాదా? రాయగడ నుంచే తోలుకెళ్లాలా?

రాయగడ కుర్రోడు

సెప్టెంబరు రెండో వారం నుంచి రెండు వారాలు సెలవు ఖాయమైంది. బండి ఎక్స్‌పల్స్ 200 ఫోర్ వాల్వ్ బైకు, సొంతది. హిమాచల్ కొండల్లో ఉన్న స్పితి లోయకి వెళ్లాలని ఎప్పటినుంచో కోరిక. పేచీ ఎక్కడొచ్చిందంటే, మా జట్టులో సగం మంది "మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాలి, తిరిగి అక్కడికే వచ్చి ఆగాలి, అప్పుడే అది రైడ్" అంటున్నారు. మిగతావాళ్లు "విశాఖలో బండిని రైలెక్కించి ఢిల్లీలో దించుకో, మిగిలిన రోజులు కొండల్లో తిరుగు" అంటున్నారు. మీరేమంటారు? అద్దె బండి మాట మాత్రం ఎత్తకండి. దాని బ్రేకులు ఎలా పడతాయో మూడో రోజుకి గానీ తెలీదు.

పర్లాకిమిడి బుల్లెట్

తమ్ముడూ, బండిని బోగీలో పడేసి, మనం ఏసీలో దుప్పటి కప్పుకుని వెళ్లి, అక్కడ హెల్మెట్ పెట్టి ఫొటో దిగితే దాన్ని రైడ్ అనడానికి నాకు నోరు రాదు.

రాయగడ దాటి మునిగుడ, భవానీపట్నం, ఖరియార్, నువాపడా మీదుగా రాయపూర్ వెళ్లి చూడు. పొద్దున్న ఇంటి దగ్గర ఉప్మా తిని బయల్దేరితే కలహండిలో ముఢీ (మరమరాలు), ఘుగుని (బఠాణీ కూర) తగులుతాయి. రాయపూర్ దాటాక ఎక్కడ ఆగినా పోహానే. నాగపూర్ తర్వాత పెంచ్ అడవి దగ్గర 44వ నంబరు హైవేని జంతువులు కిందనుంచి పోయేలా ఎత్తి కట్టారు. ఇవన్నీ రాత్రిపూట పై బెర్తు మీద పడుకుని దాటేస్తావా? దూరం తీసేశాక లాంగ్ రైడ్‌లో ఇంకేం మిగులుతుంది?

బరంపురం అక్క

బుల్లెట్ గారూ, టిఫిన్లు చెప్పారు, రోజులు చెప్పలేదు.

రాయగడ నుంచి ఢిల్లీకే 1,700 కి.మీ. దాటుతుంది. ఎక్స్‌పల్స్ హాయిగా వెళ్లేది గంటకి 80 దగ్గర. 90 దాటించి గంటల తరబడి పట్టుకుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి. లారీలు, ఊళ్లు, వాన, టీలు అన్నీ కలిపితే రోజుకి 450 కి.మీ. వస్తే గొప్ప. అంటే ఢిల్లీకి నాలుగు రోజులు, సిమ్లాకి ఇంకొకటి. రానూ పోనూ పది. అబ్బాయికున్నది రెండు వారాలు. మిగిలిన నాలుగు రోజుల్లో స్పితిలో ఏం చూస్తాడు?

చూడటం సంగతి అలా ఉంచండి. రోజులు తక్కువైతే అందరూ చేసే పని, మనాలి నుంచి ఎక్కేయడం, దగ్గర కదా అని. మనాలి 2,050 మీటర్లు. పొద్దున్న అక్కడ లేచి, 4,500 మీటర్ల పైనున్న కుంజుం కనుమ దాటి, రాత్రికి స్పితిలోని పెద్ద ఊరు కాజాలో పడుకుంటారు. అది 3,650. ఒక్క రోజులో పడుకునే ఎత్తు 1,600 మీటర్లు పెరిగింది. 3,000 దాటాక రోజుకి 500కి మించి పెంచొద్దని కదా డాక్టర్లు చెప్పేది! అర్ధరాత్రి తలనొప్పి, వాంతులు మొదలైతే అక్కడ టెన్షన్ మామూలుగా ఉండదు.

అదే సిమ్లా వైపు నుంచి వెళ్తే రాంపూర్ దాటి కల్పాలో ఒక రాత్రి, 2,960 మీటర్లు. తర్వాత టాబోలో, 3,280. ఆ తర్వాత కాజా. ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుంది. టాబో మఠం 996లో కట్టింది, దాని మట్టిగోడల లోపలి బొమ్మలు చూడటానికే సగం రోజు కావాలి. రైలు వల్ల మిగిలే రోజులు ఇలా ఆగుతూ ఎక్కడానికి. ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలో వద్దో మీ డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లయితే తప్పకుండా.

కొరాపుట్ హిమాలయన్

అసలు గొడవంతా 200 సీసీ వల్ల. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 తీసుకుంటే 40 గుర్రాల శక్తి (హార్స్‌పవర్), 17 లీటర్ల ట్యాంకు. రోజుకి 600 కి.మీ. కూడా కొట్టొచ్చు. రైలూ వద్దు, గోలా వద్దు.

జయపురం మెకానిక్

హిమాలయన్ బాబూ, ఆ 450 బరువు 196 కిలోలు, మీద లగేజీ వేరే. నీళ్లలో పడితే ఒక్కడివే ఎత్తుతావా? ఎక్స్‌పల్స్ 160 దగ్గర ఉంటుంది. ఎత్తుకి వెళ్లాక గాలి పలచబడి ఏ బండి శక్తయినా మూడో వంతు పైగా తగ్గుతుంది, కుర్రాడి 19 గుర్రాలు కుంజుం మీద పన్నెండు అవుతాయి, నిజమే. ఫస్టు, సెకండు గేర్లలో ఎక్కుతుంది. అక్కడ పరుగు పందెం ఏమీ లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. బుల్లెట్ బావ చెప్పినదాంట్లో ఆయన చెప్పని మంచి ఒకటుంది. సర్వీసింగ్ నుంచి బయటికొచ్చిన బండి అసలు జాతకం అయిదారు వందల కిలోమీటర్లు నడిచాక తెలుస్తుంది. కొత్త చైన్ సాగుతుంది. స్పోకులు వదులవుతాయి. క్యారియర్ బోల్టులు ఊడతాయి. బ్యాగు పట్టీ సైలెన్సర్‌కి తగిలి కాలుతుంది. ఇవి రాయపూర్ రోడ్డు మీద జరిగితే పక్కనే షాపు. కుంజుం, మనాలి దారిలో గ్రాంఫూ, బాతల్ మధ్య జరిగితే పక్కన చంద్రా నది, రాళ్లు, అంతే.

కానీ అందుకోసం ఢిల్లీ దాకా తోలక్కర్లేదు. మన కొరాపుట్ ఎందుకుంది? స్పితికి ఎంత బరువు కడతావో అంతే బరువు కట్టి బయల్దేరు. లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్, సెమిలిగుడ వైపు దేవమాలి, 1,672 మీటర్లు, ఒడిశాలో దీన్ని మించిన కొండ లేదు. మర్నాడు లమ్తాపుట్, డుడుమా జలపాతం. తిరుగుదారిలో పొట్టంగి, సుంకి ఘాటీ దిగి సాలూరు, పార్వతీపురం, ఇల్లు. దారిలో పక్కకి తిరిగిన మట్టిరోడ్డు కనబడితే దిగు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి తోలడం అలవాటు చేసుకో. వాన పడిన ఎర్రమట్టి సబ్బుబిళ్లలా జారుతుంది, ముందు బ్రేకు మీద వేళ్లు ఎంత మెత్తగా పడాలో అదే నేర్పుతుంది.

గెడ్డ అడ్డమొస్తే బండి ఆపి, ముందు నువ్వు నడిచి దాటు. అడుగున రాళ్లు ఎంతెంత ఉన్నాయి, నీళ్లు మోకాలు దాటుతున్నాయా చూసుకో. తర్వాత ఫస్టు గేరు, యాక్సిలరేటర్ ఒకేలా, చూపు అవతలి గట్టు మీద. స్పితి నాలాలకీ ఇదే పద్ధతి. కాకపోతే అక్కడ ఎండెక్కే కొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్లు పెరుగుతాయి. అందుకే బాతల్ ముక్క పొద్దున్నే దాటెయ్యాలి.

ట్యూబ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నీ బండి ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18, రెండూ ట్యూబ్ టైర్లు. 21 ట్యూబ్ దారిలో షాపుల్లో దొరకడం కష్టం. ఒకటి దగ్గర పెట్టుకో. మరీ ఇరుక్కుంటే దాన్నే వెనక చక్రంలో మడత పడకుండా సర్ది, నెమ్మదిగా షాపు దాకా రావొచ్చు. టైరు విప్పడం ఇంటి దగ్గరే నేర్చుకో. గాలి మొత్తం తీసి, టైరు అంచుని ఒక పక్క మోకాలితో నొక్కి రిమ్ము మధ్య గుంటలో పడేస్తే, ఎదుటి పక్క లివర్‌కి లొంగుతుంది. అలా కాకుండా బలం కొద్దీ పీకితే కొత్త ట్యూబ్‌కి నువ్వే కన్నం పెడతావు. కొత్తది పెట్టేముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడువు, ముల్లుంటే దానికి చిక్కుకుంటుంది. ట్యూబ్‌కి కాస్త పౌడర్ రాయి.

సిరోంచ గోదారోడు

మీకు రైలుందన్నా, వెయ్యాలా వద్దా అని కొట్లాడుకుంటున్నరు. మాది మహారాష్ట్ర కొస, గడ్చిరోలి జిల్లా. మాకు రైలెక్కాలంటే మంచిర్యాల దాకా బండి తోలాల్సిందే.

నా మాట వేరే. పోయేటప్పుడు తోలుకుంటూ పోవాలె, వచ్చేటప్పుడు రైల్లో పడెయ్యాలె. పోయేటప్పుడు మనిషి హుషారుగ ఉంటడు. వచ్చేటప్పుడు ఒళ్లు అలిసిపోయి, మనసు ఇంటికాడ ఉంటది, హైవే మీద నాలుగు లైన్ల రోడ్డు తిన్నగ పోతుంటే కండ్లు మూతపడతయ్. ప్రమాదం అక్కడ.

బరంపురం అక్క

సిరోంచ తమ్ముడూ, అలసట మాట ఒప్పుకుంటాను. కానీ అయిదు రోజులు హైవే తోలి అలిసిన మనిషి ఆ వెంటనే ఎత్తుకి ఎక్కితే? సరైన నిద్ర, నీళ్లు లేని ఒంటికి ఎత్తు ఇంకా భారం. పైగా సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్‌లో వానలు ఆగవు. అక్కడ ఒక రోజు పోయిందంటే దాన్ని ఎక్కడ కోస్తారు? కల్పాలో రాత్రే కోస్తారు. తిరుగు ప్రయాణంలో ఒక రోజు ఆలస్యమైతే పోయేది ఆఫీసులో మాట, అంతే.

పర్లాకిమిడి బుల్లెట్

అమ్మా, మీ లెక్కలో తప్పు లేదు. నేననేది, అయితే రెండు వారాల్లో స్పితి ఎందుకు అని. నెల దొరికినప్పుడు వెళ్లొచ్చు. ఈ రెండు వారాలకి మెకానిక్ చెప్పిన కొరాపుట్, అక్కడ నుంచి జగదల్‌పూర్, చిత్రకోట్, బీజాపూర్, సిరోంచ, మంచిర్యాల. 63వ నంబరు హైవే మీదుగా మూడు నాలుగు రాష్ట్రాలు, మన గుమ్మంలోంచి. ఇంద్రావతి పక్కపక్కనే. బయల్దేరేముందు ఆ వైపు పరిస్థితి కనుక్కుని పగటిపూటే తోలాలి, అది వేరే విషయం.

రాయగడ కుర్రోడు

నెల సెలవు మా ఆఫీసులో పెళ్లికి కూడా ఇవ్వరు బావా.

అక్క లెక్కకే మొగ్గుతున్నాను. రైలు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. సమతా ఎక్స్‌ప్రెస్ రాయగడ మీదుగానే వెళ్తుంది కదా, ఇక్కడే ఎక్కించకూడదా? పెట్రోలుకి క్యాన్ కూడా తీసుకెళ్లాలా?

జయపురం మెకానిక్

ఇక్కడ రైలు ఆగేది కాసేపే, ఆ కంగారులో బండి ఎక్కించడం కంటే బయల్దేరే స్టేషన్ విశాఖే నయం. నీ టికెట్ మీద లగేజీగా బుక్ చేస్తే అదే రైల్లో వస్తుంది. టికెట్ లేకుండా పార్సిల్‌గా వేస్తే చోటున్నప్పుడు వెళ్తుంది, నీ సెలవు దానికి పట్టదు. ఆర్సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు పట్టుకెళ్లు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. ఇది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, పాత బళ్లలా ట్యాప్ తిప్పితే రాదు, ముందే ఒకసారి నా దగ్గరికి తీసుకురా, ఎలా తీయాలో చూపిస్తాను. అద్దాలు, ఫోన్ హోల్డర్ విప్పి బ్యాగులో వేసుకో. ప్యాకింగ్ అయ్యాక పేరు, నంబరు, ఎక్కడినుంచి ఎక్కడికి అన్నది అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి రెండు పక్కలా కట్టు. దిగాక బంకు దాకా నెట్టుకోవాలి, దానికి మందు లేదు.

క్యాన్ అక్కర్లేదు. నీది 13 లీటర్ల ట్యాంకు. కిన్నౌర్‌లో పోవారి దగ్గర నింపితే తర్వాత బంకు కాజాలో, మధ్యలో 200 కి.మీ. కాజాలో నింపితే మనాలి కూడా అంతే దూరం. క్యాన్ బరువు బదులు ఒక క్లచ్ వైరు ఎక్కువ పెట్టుకో.

బరంపురం అక్క

ఇంకొకటి. మన దేశం వాళ్లకి స్పితికి ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాలకి వెళ్లే అనుమతి) అవసరం లేదు, ఎవరో ఏజెంట్ అడిగాడని డబ్బులు కట్టకు. కుంజుం దిగి మనాలి వచ్చేటప్పుడు రోహ్‌తాంగ్ ఎక్కకుండా అటల్ టన్నెల్‌లోంచి రావొచ్చు, బైకులని రానిస్తారు.

రాయగడ కుర్రోడు

వెళ్లడానికి విశాఖ నుంచి టికెట్ తీస్తున్నాను. సిమ్లా వైపు ఎక్కి మనాలి వైపు దిగుతాను. అంతకుముందు మెకానిక్ అన్న చెప్పిన కొరాపుట్ చుట్టు, పూర్తి బరువుతో. తిరుగు ప్రయాణం రైలా, రోడ్డా అన్నది మాత్రం ఢిల్లీ వచ్చాక ఒళ్లు ఎలా ఉందో చూసి.

పర్లాకిమిడి బుల్లెట్

తోలుకొస్తానంటే రాయపూర్ దాకా ఎదురొస్తాను, పోహా నాది. రైల్లో వస్తానంటే మాత్రం స్టేషన్‌కి కూడా రాను, చెప్తున్నా.