క్రియాటినిన్ 1.6 వచ్చింది, కాఫీ మానాలా?

స్టీలుగ్లాసు: మా నాన్నకు 68 ఏళ్ళు. కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.6 వచ్చిందని, అంటే ఉండాల్సినదాని కన్నా ఎక్కువని, అన్నయ్య కాఫీపొడి డబ్బా దాచేశాడు. రోజుకు రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీకే కిడ్నీలు పోతాయా?

మజ్జిగపులుసు: పోతాయి. మా మావయ్యగారు రోజుకు ఆరుసార్లు తాగేవారు. చివరికి డయాలసిస్.

అరకులోయ: ఆయనకు షుగర్ ఉండేదా అండీ?

మజ్జిగపులుసు: ఇరవై ఏళ్ళు. అయితే?

అరకులోయ: అసలు దొంగను వదిలేసి కాఫీని పట్టుకున్నారు. కిడ్నీలు దెబ్బతినేది ఎక్కువగా షుగర్, బీపీల వల్లే. అమెరికాలో 14 వేల మందికి పైగా జనాన్ని దాదాపు 24 ఏళ్ళు గమనించి 2018లో లెక్క తేల్చారు, కాఫీ తాగేవాళ్ళలో కిడ్నీ జబ్బు కాస్త తక్కువేనని. కాఫీ వల్లే తగ్గిందని కాదు, సరే. విషమైతే మాత్రం ఈపాటికి తెలిసేది.

చికోరీ వద్దు: ముందు ఆ పొడిలో చికోరీ ఎంత? సగం చికోరీ అయితే అది కాఫీయే కాదు.

మజ్జిగపులుసు: వాళ్ళు ఎలా తాగుతారో ఏమో. మనది సగం పాలు. పాలలో పొటాషియం, ఫాస్ఫరస్ ఉండవా?

అరకులోయ: ఉంటాయి. రక్తంలో అవి పెరిగితే డాక్టరే తగ్గించమంటారు. మీ వైపు మాట కూడా ఒకటి చెబుతా. 2023లో ఇటలీ వాళ్ళ మీద జరిగిన పరిశోధన ఒకటి వచ్చింది. పుట్టుకతోనే ఒంట్లో కెఫీన్ నెమ్మదిగా అరిగేవాళ్ళు రోజుకు మూడు కప్పులు దాటి తాగితే మూత్రంలో ప్రోటీన్ పోవడం, అంటే కిడ్నీ దెబ్బతింటోందనే సూచన, ఎక్కువగా కనిపించింది.

ఉద్దానం కుర్రాడు: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్ళు, షుగర్ లేనివాళ్ళు, కాఫీ ముట్టనివాళ్ళు కూడా డయాలసిస్‌కి తిరుగుతున్నారు.

చికోరీ వద్దు: చికోరీ సంగతి ఎవరూ చెప్పలేదు.

స్టీలుగ్లాసు: చూశారా! మా అన్నయ్య ఒట్టి మూర్ఖుడు. నాన్న సాయంత్రం వీధి చివర హోటల్లో తాగి, నోరు పుక్కిలించి ఇంటికొస్తున్నారట. ఈ వయసులో దొంగచాటుగా!

మజ్జిగపులుసు: మూర్ఖుడా? మావయ్యగారిని వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్ళింది నేను. వచ్చేటప్పుడు ఆ సూదుల చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. మా మరిది మాత్రం ఫోన్లో "పాపం, కాఫీ ఇవ్వండి వదినా" అనేవాడు. ఒక్కరోజు వచ్చింది లేదు. ఇంతకీ మీరెక్కడుంటారు?

స్టీలుగ్లాసు: డాలస్. దానికీ దీనికీ ఏం సంబంధం?

అరకులోయ: నాన్నగారి బీపీ ఎంత ఉంటోంది? మూత్రంలో ప్రోటీన్ చూశారా? నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా? కాఫీ కన్నా ముందు అవి చూడాలి.

స్టీలుగ్లాసు: మోకాళ్ళకు ఏవో వేసుకుంటారు. మిగతావి అన్నయ్యకే తెలియాలి. డబ్బా గొడవైన దగ్గర్నుంచి మాకు మాటల్లేవు.