అప్‌డేట్: ఆదివారం దాటితే మేకలకు కడుపు ఉబ్బరం, కారణం దొరికింది

చేవెళ్ల దగ్గర మా చిన్న పొలానికి పిల్లలతో వచ్చేవాళ్ల కోసం మేకలు, కోళ్లు పెట్టామని, ఆదివారం దాటగానే మేకలు మేత మానేసి కడుపు ఉబ్బి పారుకుంటున్నాయని అడిగాను కదా, ఆ సంగతి తేలింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పశువుల డాక్టర్ గారు చూసి, వచ్చినవాళ్లు ప్రేమగా పెట్టే అన్నం, బ్రెడ్, బిస్కెట్లే కారణమన్నారు. పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే మేక పెద్ద పొట్టలో పులిసిపోయి లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది, ముదిరితే ప్రాణానికే ప్రమాదం. "బయటి తిండి ఆపి చూడండి" అని ఇక్కడ ఒకరు చెప్పిందే నిజమైంది. మిగతా సలహాల్లో వచ్చిన నీళ్ల టెస్టుకీ, నట్టల (కడుపులో పురుగుల) మందుకీ దీనితో సంబంధం లేదు (నట్టల మందు ఎలాగూ వేయాల్సిందే అనుకోండి).

ఇప్పుడు బయటి తిండి గేటు దగ్గరే పక్కన పెట్టించి, పిల్లల చేతికి మేమే అవిసె, మల్బరీ కొమ్మలు చిన్న కట్టలుగా ఇస్తున్నాం, వాళ్లకు అదే ఎక్కువ సరదాగా ఉంది. ఆ తర్వాత ఏ మేకకూ ఉబ్బరం రాలేదు. చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి మేకలు హఠాత్తుగా చనిపోయే జబ్బు) టీకా వానలకు ముందే వేయించమని డాక్టర్ గారు అన్నారు, వేయించాం. ఇంకొకటి, జంతువులను ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతోనే కడిగించండి, విరేచనాలు తెప్పించే కొన్ని క్రిములు శానిటైజర్‌కు చావవు.