కొండ నెత్తి దాకా వెళ్ళని నడకలు ఇక్కడ రాయాలా, వద్దా?

కొండగాలి (విజయనగరం):
మొన్న ఒకాయన మన ట్రెక్కింగ్ గ్రూపులో, శ్రీకాకుళం దగ్గర శాలిహుండం కొండ మీద తిరిగొచ్చిన వైనం రాసి ఫొటోలు పెట్టారు. బాగున్నాయి, కాదనను. కింద కామెంట్లలో ఎవరో "ఇది ట్రెక్కా, పిక్నిక్కా?" అని అడిగేసరికి గొడవైంది. నా మాట సూటిగా చెప్తాను. ట్రెక్ అని పేరు పెడితే శిఖరం ఎక్కిన కథే ఉండాలి. శిఖరం ఉంటే లెక్క ఉంటుంది: ఎక్కడ మొదలుపెట్టారు, ఎన్ని గంటలు పట్టింది, దారి ఎక్కడ తప్పుతుంది. ఇవి రాయక తప్పదు. సగం దారిలో గెడ్డ (కొండవాగు) ఒడ్డున పులిహోర తిని దిగిపోయినవాళ్ళు రాసేది "ప్రకృతి ఒడిలో మైమరచిపోయాం" అన్న ఒక్క ముక్కే. అది చదివి నేనేం చేసుకోను?

బొబ్బిలి మాస్టారు:
తమ్ముడూ, శిఖరమే కొలత అంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి మిగిలేదెంత? 2022లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట, పార్వతీపురం కొండలు మన్యం జిల్లాకి పోయాయి. శ్రీకాకుళం జిల్లా మందస నుంచి నీలంగా కనబడే మహేంద్రగిరి 1501 మీటర్లు, కానీ దాని కొన ఒడిశాలో, గజపతి జిల్లాలో ఉంది. పర్లాకిమిడి వైపు నుంచి బళ్ళు పోయే దారి కూడా ఉంది. కారులో పోయి, ఆఖర్న కాస్త నడిచి, కుంతి గుడి ముందు సెల్ఫీ దిగినవాడు నీ లెక్కలో ట్రెక్కరు. మందస వైపు కొండ అడుగున పొద్దుగూకేదాకా నడిచి వెనక్కొచ్చినవాడు కాడు. ఇదేం న్యాయం?

విజయనగరం దగ్గర రామతీర్థం చూడు. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహార శిథిలాలు కొనలో లేవు. నిలువు బండ కింద, సన్నటి అరుగులాంటి చోట వరసగా ఉన్నాయి. ఇటుకలు చూడ్డానికి పోయినవాడికి పైకి ఎక్కే పనే లేదు. అక్కడ ఉండిపోయిన భిక్షువులకే కొన అక్కర్లేకపోయింది, మనకెందుకయ్యా?

శాలిహుండమూ అంతే. వంశధారకి దక్షిణపు ఒడ్డున ఉన్న కొండ. 1919లో గిడుగు రామమూర్తి గారు అక్కడి బౌద్ధ శిథిలాల్ని గుర్తించారు. స్తూపాలు, చైత్యాలు (బౌద్ధుల ప్రార్థన మందిరాలు) కొండ వాలు వెంబడి అంచెలంచెలుగా పైకి పోతాయి. ప్రతి అంచె దగ్గరా ఆగాలి, వెనక్కి తిరిగి ఏటిని చూడాలి. ఆగకుండా పైకి పోయినవాడు వేగం గురించి రాస్తాడు తప్ప చూసిందేం ఉంటుంది రాయడానికి? (ఆ పోస్టులో ఫొటోలు ఎక్కువే, అది ఒప్పుకుంటాను. సగం మబ్బులే.)

ఉద్దానం జీడితోట:
ఎత్తుల గొడవ నాకొద్దు గానీ మాస్టారూ, ఒక మాట. మా మందస, సోంపేట పక్కన ఎలుగులున్నాయి. జీడిపళ్ళు పండే కాలంలో తోటల్లోకి దిగిపోతాయి. తెల్లారగట్ల, సందేళ మావోళ్ళే ఒంటరిగా తోటకెల్లరు. కొండ నెత్తికి పోయేవోడేటి సేస్తాడు? ఎండెక్కకముందే పైకి సేరిపోవాలని సీకట్లో బయల్దేరతాడు. ఎలుగు తిరిగేది కూడా ఆ ఏళకే! కింద కింద తిరిగినోడు రాత్తే ఏ తోట గట్టు మీద నడవకూడదో తెలుస్తాది. పైనుంచి ఫొటో తీసినోడికి ఈ సంగతి ఏటి తెలుసు?

కొండగాలి:
ఎలుగు సంగతి రాయండి, వద్దన్నదెవరు? నా చిరాకు వేరే. కొన అందక తిరిగొచ్చినవాళ్ళు "మేం అసలు దానికోసం వెళ్ళలేదు" అని రాస్తారు. ఎందుకు తిరిగొచ్చారో రాయరు. నాకు కావాల్సిందే అది.

బొబ్బిలి మాస్టారు:
నీకు కావాల్సిందాన్నే నీ నియమం గెంటేస్తోంది కదా! "వాన పడి గెడ్డ పొంగింది, దాటలేక ఆగిపోయాం" అని నిజం రాసినవాడు శిఖరం చేరలేదు. అతని పోస్టు తీసేస్తావా? తీసేస్తే రేపు మరొకడు అదే గెడ్డలో దిగుతాడు.

నాగావళి (పార్వతీపురం):
మీరిద్దరూ కొన చుట్టూనే తిరుగుతున్నారు. పేరున్న శిఖరం గురించి ఎవరు రాసినా దానికి కొత్తగా పోయేదేం లేదు. శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి గురించి ఎంతైనా రాసుకోండి, శివరాత్రికి జనం తరలివచ్చే చోటది. ఏ పేరూ లేని జలపాతం సంగతి అలా కాదు. సవర గిరిజనుల గూడెంవాళ్ళు తాగే ఊట అలా కాదు. ఒక్క రీల్ చాలు, తర్వాతి ఆదివారం అక్కడ బిర్యానీ డబ్బాలు, సీసా పెంకులు. ఆ పెంకుల మీద వట్టి కాళ్ళతో నడిచేది గూడెం పిల్లలు. మా వైపు ఏనుగులు కూడా తిరుగుతున్నాయి, అటవీ శాఖవాళ్ళని అడక్కుండా ఎవరూ రావొద్దు.

అందుకే అందమైన నడకల గురించి రాయడమే నాకు భయం. రాస్తే మ్యాప్‌లో గుర్తు మాత్రం పెట్టొద్దు.

బొబ్బిలి మాస్టారు:
అమ్మా, గుర్తు లేకపోతే తప్పిపోయినవాణ్ణి ఎక్కడని వెతుకుతాం?

నాగావళి:
ఊరి పేరు దాకా రాయండి మాస్టారూ. ఆ పైన ఊళ్ళో మనిషిని తోడు తీసుకెళ్ళమనండి, కూలి ఇమ్మనండి. తప్పిపోడు, చెత్తా వెయ్యడు.

నిర్వాహకుడు:
ఇంతవరకూ వచ్చింది కాబట్టి చెప్తున్నాను. శిఖరం చేరని నడకలు ఉంటాయి. ఎక్కడ వెనక్కి తిరిగారో, ఎందుకు తిరిగారో మొదటి నాలుగు వాక్యాల్లో రాయాలి. ఊటలకి, పేరులేని జలపాతాలకి మ్యాప్ గుర్తులుంటే తీసేస్తాను.

కొండగాలి:
ఒప్పుకోను. "కొన దాకా కాదు" అని శీర్షికలోనే వెయ్యమనండి, చదవకుండా దాటిపోతాను.

ఉద్దానం జీడితోట:
కూలి అన్నారు కదా, ఎంతో ముందే మాటాడుకోండి బాబూ. దిగొచ్చాక బేరం ఆడితే బాగోదు. జీడి ఏరే రోజుల్లో మనిషి దొరకడు, ఆ కాలంలో మాత్రం రావొద్దు.