సైన్యం గౌరవాన్ని దేశ నాయకుడు ఎలా సంపాదించుకుంటాడు? (చర్చ)

బ్రాడీపేట మాస్టారు
మా కళాశాలలోని ఎన్‌సీసీ విద్యార్థులకు వచ్చే నెలలో వక్తృత్వ పోటీ ఉంది. రాజ్యాంగంలోని 53వ అధికరణం ప్రకారం త్రివిధ దళాల సర్వాధిపత్యం రాష్ట్రపతిది, నిర్ణయాలు ప్రధానమంత్రి మంత్రివర్గానివి, కాబట్టి సెల్యూట్ ఎవరికైనా ఎలాగూ దక్కుతుంది. ఆ సెల్యూట్ చేసిన మనిషి బ్యారక్‌కు తిరిగి వెళ్ళాక తోటివారితో ఏమనుకుంటాడన్నదే నా ప్రశ్న. నాయకుడు సరిహద్దుకు వెళ్ళి జవాన్లతో గడపడం వల్ల గౌరవం వస్తుందా, యుద్ధం గెలిస్తే వస్తుందా, జీతభత్యాలు పెంచితే వస్తుందా, లేక ఆయన స్వయంగా యూనిఫాం వేసుకున్నవాడై ఉండాలా? సర్వీసు చేసినవారు అనుభవం రాస్తే పిల్లలకు ఉపయోగపడుతుంది. పార్టీల గొడవ దయచేసి వద్దు.

తెనాలి సుబేదార్
మాస్టారూ, సరిహద్దు సందర్శన గురించి మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే సియాచిన్‌లో ఆ సందర్శనలకు హెలిపాడ్ మీద మంచు తొక్కి చదును చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పెద్దమనిషి వస్తున్నాడంటే రేషనూ కిరోసినూ తేవలసిన హెలికాప్టర్ ఆ రోజు ఆయన కోసం తిరుగుతుంది. ఆ లెక్క జవానుకు తెలుసు, అందుకే వచ్చినంత మాత్రాన మెచ్చుకోడు. జార్జి ఫెర్నాండెజ్ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు సియాచిన్‌కు మళ్ళీ మళ్ళీ వచ్చారు. మంచు మీద నడిచే స్కూటర్ల కొనుగోలు ఫైలును ఢిల్లీలో అధికారులు తొక్కిపెట్టారని తెలిసి, ఆ అధికారులనే సియాచిన్‌కు వెళ్ళి చూసి రమ్మని ఆదేశించారు. ఆ వార్త పత్రికల్లో రాకముందే పోస్టుల్లో పాకిపోయింది. ఆయన మా భుజం తట్టారో లేదో ఎవరికీ గుర్తు లేదు, ఫైలు సంగతి మాత్రం అందరికీ గుర్తుంది.

పటమట పాఠకుడు
సుబేదార్ గారికి నమస్కారం. అయితే ప్రశ్న దేశ నాయకుడి గురించి, రక్షణ మంత్రి గురించి కాదు. పైగా అదే ఫెర్నాండెజ్ హయాంలో 1998 డిసెంబరు 30న నౌకాదళాధిపతి అడ్మిరల్ విష్ణు భగవత్‌ను పదవి నుంచి తొలగించారు. సియాచిన్‌లో సంపాదించిన గౌరవం నౌకాదళంలో ఎంత మిగిలిందో కూడా రాయాలి కదా. భారత సైనిక చరిత్రను నేను దశాబ్దాలుగా చదువుతున్నాను, ఈ జిల్లాల్లో ఈ విషయం మీద నా దగ్గరున్నన్ని పుస్తకాలు మరొకరి దగ్గర ఉంటాయనుకోను. మాస్టారు పిల్లలకు చెప్పవలసింది లాల్ బహదూర్ శాస్త్రి ఉదాహరణ. 1965 సెప్టెంబరు 1న పాకిస్తాన్ ఛంబ్ వైపు విరుచుకుపడినప్పుడు, కాశ్మీరులోనే కాచుకుంటూ కూర్చోకుండా పంజాబ్‌లో అంతర్జాతీయ సరిహద్దు దాటడానికి ఆయన అనుమతి ఇచ్చారు. 6వ తేదీకి మన దళాలు లాహోర్ దిశగా కదిలాయి. అంతకు మూడేళ్ళ ముందు, 1962 అక్టోబరు 12న, నెహ్రూ కొలంబో వెళ్తూ విమానాశ్రయంలో పత్రికలవారితో చైనావాళ్ళను వెళ్ళగొట్టమని సైన్యానికి ఆదేశించినట్టు చెప్పారు. ఆ ఆదేశం అమలు చేయవలసిన, ఈశాన్య సరిహద్దులోని నామ్కా చూ లోయలో మనవాళ్ళ దగ్గర ఉన్నవి పాత పాయింట్ త్రీ నాట్ త్రీ రైఫిళ్ళు, నూలు బట్టలు. ఆ రెండు ఆదేశాలకూ మధ్య ఉన్న తేడాయే మీ ప్రశ్నకు సమాధానం.

సింగ్‌నగర్ వాసి
2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పూడ్చడానికి సైనిక ఇంజనీర్లు వచ్చి, ఇనుప వలల బుట్టల్లో రాళ్ళు నింపి కట్ట వేశారు. మా వీధిలో నడుము లోతు నీళ్ళు నిలిచిన రోజులవి. ఇలాంటి పనులకు సైన్యాన్ని పిలిచే నాయకులను సైన్యం గౌరవిస్తుందా, విసుక్కుంటుందా?

తెనాలి సుబేదార్
విసుక్కోరు. వరదల్లో ప్రజలకు సాయపడడం సైన్యం చేసే పనుల్లో ఒకటి. పాఠకుడు గారికి ఒక మాట. శాస్త్రి గారి అనుమతి సరే, యుద్ధం తర్వాత పాకిస్తాన్‌తో చేసుకున్న తాష్కెంట్ ఒప్పందం మాటేమిటి? 1965 ఆగస్టు 28న ప్రాణాలొడ్డి పట్టుకున్న, కాశ్మీరులోని హాజీ పీర్ కనుమను ఆ ఒప్పందంలో తిరిగి ఇచ్చేశారు. నేను సిపాయిగా చేరిన కొత్తలో ఆ యుద్ధం చేసిన పాతకాపులు ఇంకా ఆ మాట తలుచుకునేవారు. అయినా శాస్త్రి గారి మీద వారికి కోపం లేదు, ఎందుకో పుస్తకాల్లో వెతకండి.

పటమట పాఠకుడు
వెతకనవసరం లేదు. సంతకం చేసిన మర్నాడే, 1966 జనవరి 11న, ఆయన కన్నుమూశారు. చనిపోయినవారి మీద కోపం నిలవదు.

మంగళగిరి గృహిణి
మీరిద్దరూ ప్రధానుల గురించి రాస్తున్నారు. నేను ఇంటివైపు నుంచి రాస్తాను. మా మామగారి అన్నగారు 1962 చైనా యుద్ధంలో నేఫాలో (నేటి అరుణాచల్ ప్రదేశ్‌లో) కనిపించకుండా పోయారు. టెలిగ్రాం తప్ప ఇంటికి ఏమీ రాలేదు. 1965లోనూ 1971లోనూ మరణించిన చాలామందికి యుద్ధభూమి దగ్గరే అంత్యక్రియలు జరిగాయి. 1999లో కార్గిల్ నుంచి మాత్రం పార్థివ దేహాలను విమానాల్లో తెచ్చి, సొంత ఊళ్ళకు చేర్చి, సైనిక లాంఛనాలతో సాగనంపారు. అప్పుడు నా భర్త సర్వీసులో ఉన్నారు. రేపు ఏదైనా జరిగితే నేను ఆయన ముఖం చూడగలనన్న ధైర్యం ఆ వేసవిలో మా క్వార్టర్స్‌లోని ప్రతి ఇల్లాలికీ కలిగింది. అది చెప్పుకోవడానికి బాగుండదు, అయినా నిజం. 2019లో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభించాక మేము వెళ్ళి పెద్దమామగారి పేరు రాతి మీద వెతికి చూసుకున్నాం. నాయకుడెవరన్నది పక్కన పెడితే, ఆ రెండు పనులకూ మా ఇంట్లో గౌరవం ఉంది.

గాంధీనగర్ దేశభక్తుడు
అమ్మా, స్మారకాలు, లాంఛనాలు చచ్చాక దక్కేవి. బతికున్న జవానుకు ఏం చేశారన్నది చూడాలి. 1971 డిసెంబరు 3న మొదలైన యుద్ధాన్ని 16వ తేదీకల్లా ముగించి, 93,000 మందిని యుద్ధఖైదీలుగా పట్టుకుని, ఒక కొత్త దేశం పుట్టడానికి సాయపడిన సైన్యానికి ఇందిరాగాంధీ ప్రభుత్వం ఇచ్చిన బహుమానం ఏమిటో తెలుసా? రెండేళ్ళు తిరగకుండానే 1973లో మూడో వేతన సంఘం పేరు చెప్పి సిపాయి పెన్షన్‌ను 70 శాతం నుంచి 50 శాతానికి కోశారు. గెలిపించిన సైన్యం బలపడుతుందనే భయమే దానికి కారణం. పిల్లలకు ఇది చెప్పండి మాస్టారూ.

గుణదల పెన్షనరు
ఈ కథను వాట్సాప్‌లో వెయ్యిసార్లు చూశాను. రక్షణ లెక్కల విభాగంలో పెన్షన్ల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి రాయకుండా ఉండలేను. మూడో వేతన సంఘాన్ని నియమించింది 1970 ఏప్రిల్‌లో. అప్పటికి యుద్ధమూ లేదు, విజయమూ లేదు, భయపడవలసిన వీరులూ లేరు. ఇక ఆ 70 శాతం లెక్క. పాత పద్ధతిలో హోదాను బట్టి, సర్వీసును బట్టి నిర్ణీత మొత్తం ఉండేది తప్ప చివరి జీతంలో ఇంత శాతం అని ఉండేది కాదు. తర్వాత ఎవరో ఆ మొత్తాలను జీతంతో భాగించి శాతాలు తయారుచేశారు.

గాంధీనగర్ దేశభక్తుడు
గదిలో కూర్చుని జవాను పెన్షన్ కాగితాల మీద కొర్రీలు వేసినవారు ఇలాగే మాట్లాడతారు. సంఘాన్ని ఎప్పుడు వేశారన్నది ముఖ్యం కాదు, సిఫారసులను ఎప్పుడు ఆమోదించారన్నది ముఖ్యం. విజయం తర్వాతే ఆమోదించారు.

గుణదల పెన్షనరు
నేను వేసిన కొర్రీల వల్ల ఎంతమంది వితంతువులకు బకాయిలు వచ్చాయో మీకు తెలియదు. వ్యక్తిగతంగా రాయకండి. అదే 1973 జనవరిలో మానెక్‌షాను ఫీల్డ్ మార్షల్‌ను చేసింది కూడా ఆ ఇందిరాగాంధీయే. సైన్యమంటే భయపడేవాళ్ళు సైన్యాధిపతికి దేశంలోనే మొదటి ఫీల్డ్ మార్షల్ హోదా ఇస్తారా?

తెనాలి సుబేదార్
పెన్షనరు గారూ, మీ తేదీలు సరైనవే కావచ్చు, కానీ మా బాధ తేదీలలో లేదు. ఆ రోజుల్లో కేంద్ర ప్రభుత్వ గుమాస్తా 58 ఏళ్ళ దాకా జీతం తీసుకునేవాడు. సిపాయిని యవ్వనం పిండుకుని 40 లోపే ఇంటికి పంపేవారు. ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచడమే అన్యాయం. ఒకే హోదాకు ఒకే పెన్షన్ కోసం ముసలివాళ్ళు 2015 వేసవిలో జంతర్ మంతర్ దగ్గర కూర్చోవలసి వచ్చింది, సెప్టెంబరు 5న ప్రకటన వచ్చింది, 2014 జులై 1 నుంచి వర్తింపజేశారు. ఇచ్చినందుకు గౌరవమే. అయితే ప్రతి ఏడాదీ సవరించకుండా అయిదేళ్ళకొకసారి అన్నారు, దాని మీద కోర్టుకు వెళితే 2022 మార్చిలో సుప్రీంకోర్టు ప్రభుత్వ విధానాన్నే సమర్థించింది. ఒకే పెన్షన్ అని పేరు పెట్టి, మధ్యలో అయిదేళ్ళ తేడాను ఉంచిన నాయకులను పూర్తిగా మెచ్చుకోమంటే నా వల్ల కాదు.

స్టేడియం రన్నర్
నేను గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో అగ్నివీర్ కోసం పరుగు సాధన చేస్తున్నాను. 2022లో తెచ్చిన ఈ పద్ధతిలో నాలుగేళ్ళ తర్వాత 25 శాతం వరకే కొనసాగిస్తారు, మిగతావారికి పెన్షన్ లేదు. ఇలాంటి పద్ధతి తెచ్చిన నాయకత్వం మీద మా బ్యాచ్‌కు గౌరవం కలుగుతుందా లేదా? పెద్దలు చెప్పండి.

పటమట పాఠకుడు
చర్చ పెన్షన్ల గుంటలో పడిపోయింది. గౌరవమంటే అడిగినదల్లా ఇవ్వడం కాదని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ చూపించారు, కొరియా యుద్ధం నడుస్తుండగా 1951 ఏప్రిల్‌లో అంతటి జనరల్ మెకార్థర్‌ను తొలగించారు. మన దగ్గర 1959 ఆగస్టు 31న సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక రాజీనామా ఇచ్చారు. నెహ్రూ బుజ్జగించి వెనక్కి తీసుకునేలా చేశారు, రెండు రోజులు గడవకముందే పార్లమెంటులో ఆ రాజీనామాను తేలిక చేసి మాట్లాడారు. మీనన్‌నైనా తప్పించి ఉండాలి, తిమ్మయ్యనైనా పంపించి ఉండాలి. ఇద్దరినీ ఉంచి, ఒకరిని సభలో చిన్నబుచ్చడంతో మిగిలిన జనరళ్ళకు నిజం చెబితే ఏమవుతుందో అర్థమైంది. 1962లో యుద్ధభూమిలో దళాలను నడిపిన అనుభవం లేని జనరల్ కౌల్‌కు ఈశాన్య సరిహద్దు కాచే నాలుగో కోర్ అప్పగిస్తే ఎదురు చెప్పేవారు లేకపోవడానికి మూలం అక్కడుంది. అడ్డుచెప్పే మనిషిని నిలబెట్టుకోగల నాయకుడికే సైన్యం గౌరవం దక్కుతుంది. 1971 ఏప్రిల్‌లో తాను వ్యవధి అడిగితే ఇందిర ఇచ్చారని మానెక్‌షా తర్వాత సభల్లో చెప్పేవారు. ఆ కథలో ఆయన రంగులు కొన్ని ఉన్నాయని చరిత్రకారులు అన్నా, వర్షాకాలం దాటేదాకా యుద్ధం మొదలుకాలేదన్నది వాస్తవం.

గాంధీనగర్ దేశభక్తుడు
చూశారా, చివరికి మళ్ళీ ఇందిరను పొగడడానికే వచ్చారు. పెన్షన్ గుంట అంటున్నారు, ఆ గుంటలో పడింది మీరు కాదు కదా.

నిర్వాహకుడు
పార్టీల ప్రస్తావన, వ్యక్తిగత దూషణ ఇక్కడితో ఆపండి. కొనసాగితే చర్చను మూసివేస్తాం.

స్టేడియం రన్నర్
నా ప్రశ్నకు ఎవరూ సమాధానం ఇవ్వలేదు. 1973 గురించి ఇంత రాశారు, రేపు చేరబోయేవాళ్ళం కనిపించడం లేదా?

తెనాలి సుబేదార్
తమ్ముడూ, కనిపిస్తున్నావు. నిన్ను నిరుత్సాహపరచకూడదని రాయలేదు. చేరాక నీకు గౌరవం కలిగేది ముందు నీ సెక్షన్ కమాండర్ మీద, తర్వాత కంపెనీ కమాండర్ మీద. ఢిల్లీ చాలా దూరం. నాలుగేళ్ళ తర్వాత బయటికి వచ్చినవారికి ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇస్తామని కేంద్రమూ కొన్ని రాష్ట్రాలూ ప్రకటించాయి. ఆ మాట ఎంత నిలబడుతుందో దాన్ని బట్టి మీ బ్యాచ్ అభిప్రాయం ఏర్పడుతుంది. నేను ముందే తీర్పు చెప్పను.

మంగళగిరి గృహిణి
ఈ రన్నర్ బాబుకు మరో మాట. కష్టానికి ఇచ్చే సైనిక సేవా వేతనం ఏడో వేతన సంఘం తర్వాత ఆఫీసరుకు నెలకు 15,500, జేసీవోకూ (సుబేదార్ స్థాయి జూనియర్ కమిషన్డ్ ఆఫీసరుకూ) జవానుకూ 5,200. గుండు తగిలేటప్పుడు హోదా చూసి తగలదు. దీన్ని సవరించే నాయకుడు వస్తే నేను స్వయంగా దండ వేస్తాను.

తెనాలి సుబేదార్
జేసీవోకూ సిపాయికీ ఒకటే మొత్తం ఇవ్వడం మీద కూడా మా సంఘాలు అభ్యంతరం చెప్పాయమ్మా. ఆ విషయం మీద వేరే చర్చ తెరవాలి.

బ్రాడీపేట మాస్టారు
అందరికీ కృతజ్ఞతలు. నాయకుడు యూనిఫాం వేసుకున్నవాడై ఉండాలా అన్న ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. 1959 తిమ్మయ్య ఉదంతాన్ని ఒక జట్టుకూ, 1965 నిర్ణయాన్ని మరో జట్టుకూ ఇస్తున్నాను. సుబేదార్ గారు న్యాయనిర్ణేతగా గుంటూరు రాగలరా?

తెనాలి సుబేదార్
వస్తాను, కానీ ఏ పార్టీ నాయకుడినీ వేదిక మీదకు పిలవకపోతేనే.

గాంధీనగర్ దేశభక్తుడు
1973 సంగతి తేలకుండా చర్చ ముగించడానికి వీల్లేదు.

గుణదల పెన్షనరు
మూడో వేతన సంఘం నివేదికలో సైనిక పెన్షన్ల అధ్యాయం ప్రతి నా దగ్గర ఉంది. ఆదివారం స్కాన్ చేసి పెడతాను. చదివాక మాట్లాడండి.