ఓపెన్ ఎలక్టివ్, మైనర్ పేపరు ఒకే రోజు, మధ్యలో ఎన్‌పీటీఈఎల్. ఏది వదలాలి?

ఈసీఈ_బ్యాక్‌బెంచ్:
కాకినాడ దగ్గర ఒక అటానమస్ కాలేజీ మాది, 3-1 (మూడో ఏడాది మొదటి సెమిస్టర్) మొదలవుతోంది. సబ్జెక్టులు పెట్టమని గూగుల్ ఫారం పంపారు, శుక్రవారం ఆఖరు. ఓపెన్ ఎలక్టివ్‌గా (వేరే బ్రాంచిల నుంచి ఎంచుకునే సబ్జెక్టు) జావా తీసుకుందామనుకుంటే, ఆ పరీక్ష ఉదయం, సీఎస్ఈ మైనర్‌లో (మా ఈసీఈ డిగ్రీకి అదనంగా చేసే కంప్యూటర్ సైన్స్ సబ్జెక్టులు) నా డేటాబేస్ పేపరు అదే రోజు మధ్యాహ్నం ఉంటాయని సీనియర్లు అంటున్నారు. దీనికి తోడు మైనర్ క్రెడిట్ల కోసమే ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల వాళ్లు నడిపే ఆన్‌లైన్ కోర్సులు) 12 వారాల కోర్సు చూశా, దాని పరీక్ష అక్టోబరు చివర్లో శనివారం, సరిగ్గా మా రెండో మిడ్ (కాలేజీ ఇంటర్నల్ పరీక్ష) వారం. 2-2లో తప్పిన ఈఎంటీఎల్ (ఎలక్ట్రోమాగ్నెటిక్ వేవ్స్ సబ్జెక్టు) సప్లీ ఉండనే ఉంది. డిపార్ట్‌మెంట్‌లో అడిగితే ఎగ్జామ్ సెల్‌కి పొమ్మంటారు, అక్కడికి వెళ్తే టైం టేబుల్ పరీక్షలకి పది రోజుల ముందే వేస్తామంటారు. ఇక ఫారం ఏ ధైర్యంతో నింపాలి? మా క్లాసులో సగం మంది డిజాస్టర్ మేనేజ్‌మెంట్ పెట్టేస్తున్నారు, నేనూ అదే పెట్టేసి ఊరుకోనా?

పాతకాపు_2019:
డిజాస్టర్ పెట్టినా నీ క్లాష్ పోదు తమ్ముడూ. ఓపెన్ ఎలక్టివ్‌లో అన్ని బ్రాంచిల వాళ్లూ కలిసిపోతారు కాబట్టి ఆ పేపర్లన్నీ ఒకే రోజు, ఒకే పూట పెట్టేస్తారు, చాలా కాలేజీల్లో అంతే. సబ్జెక్టు మారుతుంది గానీ తేదీ మారదు. అందుకని నచ్చింది పెట్టుకో. ఇంకో సంగతి, 10 నుంచి 1 దాకా ఒకటి, 2 నుంచి 5 దాకా ఒకటి పడితే వాళ్ల లెక్కలో అది క్లాషే కాదు, మధ్యలో గంట ఉందిగా అంటారు (ఆ గంటలో అన్నం తినాలో యూనిట్ 5 తిరగెయ్యాలో వాళ్లే చెప్పాలి). రెండూ ఒకే పూట పడితేనే అర్జీ తీసుకుంటారు. పోయిన రెండేళ్ల టైం టేబుళ్లు కాలేజీ సైట్‌లో నోటిఫికేషన్లలో ఉంటాయి, తీసి చూడు. సప్లీ తేదీలు కూడా అందులోనే దొరుకుతాయి.

వారం_వారం_అసైన్‌మెంట్:
ఎన్‌పీటీఈఎల్ గురించి నేను చెప్తా. పరీక్ష తేదీ కోర్సు పేజీలోనే ఉంటుంది, చేరకముందే చూసుకోవచ్చు. మిడ్‌లు ఆదివారం పెట్టరు కాబట్టి ఆదివారం తేదీ ఉన్న కోర్సు వెతుకు. చేరడం ఉచితం, వెయ్యి రూపాయలు కట్టేది పరీక్షకే. అందుకని మీ కాలేజీ ఒప్పుకునే లిస్టులోంచి రెండు కోర్సుల్లో చేరి, రెండిట్లోనూ అసైన్‌మెంట్లు పెడుతూ, పరీక్ష రిజిస్ట్రేషన్ గడువుకి ఏది కుదిరితే దానికే డబ్బు కట్టు. అసైన్‌మెంట్లు మాత్రం తేలిగ్గా తీసుకోకు. 12లో బెస్ట్ 8 చూసి 25 మార్కులకి లెక్కేస్తారు, అందులో 10, పరీక్షలో 75కి 30 వస్తేనే సర్టిఫికెట్.

ఎమ్మెస్_డల్లాస్:
ఇక్కడ అమెరికాలో క్లాసు ఏ రోజు ఏ టైంకి ఉందో దాన్ని బట్టే ఫైనల్ ఎప్పుడో సెమిస్టర్ మొదట్లోనే తెలిసిపోతుంది, కోర్సు ఎంచుకునేటప్పుడే చూసుకుంటాం. మన దగ్గర కనీసం ఓపెన్ ఎలక్టివ్, మైనర్ ఏ రోజో ముందే చెప్పడానికి ఏం అడ్డం? నలుగురు కలిసి హెచ్‌ఓడీకి రాతపూర్వకంగా ఇవ్వండి, నోటితో చెప్తే గాలికి పోతుంది.

సప్లీ_సుబ్బారావు:
అందరూ మైనర్ చుట్టూనే తిరుగుతున్నారు. డిగ్రీకి కావాల్సినవి 160 క్రెడిట్లు, మైనర్ వాటి పైన ఇంకో 18-20. అది వదిలేసినా బీటెక్ పట్టా ఆగదు. ఈఎంటీఎల్ మిగిలిపోతే ఆగుతుంది. ముందు దాని సంగతి చూడు బాబూ.

ఈసీఈ_బ్యాక్‌బెంచ్:
పాత టైం టేబుళ్లు తీశా. రెండేళ్లూ ఓపెన్ ఎలక్టివ్ ఆఖరి రోజే, సప్లీలు అన్నీ రెగ్యులర్ పరీక్షలకి మధ్య వచ్చే ఖాళీ రోజుల్లో. జావానే పెట్టేస్తున్నా. @వారం_వారం_అసైన్‌మెంట్ ఆదివారం తేదీతో ఒక కోర్సు దొరికింది, కానీ మా లిస్టులో ఆ పేరు లేదు. కోఆర్డినేటర్‌ని అడిగితే చేరుస్తారా, ఎవరైనా అలా చేయించుకున్నారా?