సీ ట్రయల్‌లో అలల లెక్క: స్టావేవ్-1 చాలా, టాంక్ పరీక్ష కావాలా?

అడయార్_నావ: 320 మీటర్ల ట్యాంకర్, వెడల్పు 58. కొత్త ఓడ వేగం తేల్చే సీ ట్రయల్‌లో ఎదురు అలలు: ఎత్తు 2 మీటర్లు, పీరియడ్ (ఒక అల శిఖరం తర్వాత మరోటి రావడానికి పట్టే కాలం) 8 సెకన్లు. యాడెడ్ రెసిస్టెన్స్ (అలల వల్ల ఓడకి పెరిగే నిరోధం) స్టావేవ్-1 అనే సూత్రంతో తీస్తే సరిపోతుందా, టాంక్‌లో మోడల్ లాగి కొలవాలా?

ఎన్నూర్_యార్డ్: భేషుగ్గా. 8 సెకన్ల అల పొడవు 1.56 × పీరియడ్ వర్గం 64, అంటే 100 మీటర్లు. ఓడలో మూడో వంతు లేదు. అంత అలకి ఈ ఓడ ఊగదు. అల ముక్కుకి కొట్టుకుని వెనక్కి మళ్లుతుంది, అదనపు నిరోధం దాదాపు అంతా అదే. సాంద్రత × గురుత్వ త్వరణం × ఎత్తు వర్గం × వెడల్పు, 16తో భాగించండి. దాన్ని (వెడల్పు ÷ ముక్కు పొడవు) వర్గమూలంతో గుణించాలి. ముక్కు పొడవంటే వాటర్‌లైన్ మీద 95 శాతం వెడల్పు వచ్చేదాకా దూరం. అదీ 58 అనుకుంటే 146 కిలోన్యూటన్లు.

గిండీ_గణితం: వేగం ఏదండీ అందులో? పీరియడ్ ఏది? దక్షిణ సముద్రం నుంచి బంగాళాఖాతంలోకి 14 సెకన్ల స్వెల్ (దూరం నుంచి వచ్చే పొడుగాటి అల) వచ్చిందంటే అల 306 మీటర్లు. పిచ్ (ముక్కు పైకీ కిందకీ ఊగడం), హీవ్ (ఓడంతా లేచి పడటం) పెరిగి నిరోధం శిఖరానికి చేరేది ఇంచుమించు అక్కడే.

ఎన్నూర్_యార్డ్: అడిగింది 8 సెకన్ల సంగతి. ముక్కు దగ్గర నిలువు త్వరణం 0.05 జీ (గురుత్వ త్వరణంలో 0.05 వంతు) దాటితే స్టావేవ్-1 వాడకూడదని రూల్‌లోనే ఉంది. దానికి ఓడ ఊపునీ లెక్కించే స్టావేవ్-2 చూసుకోండి.

గిండీ_గణితం: అదీ ముక్కుకి 45 డిగ్రీల లోపు అలలకే. 46 అయితే నిరోధం ఎగిరిపోతుందా?

వేళచ్చేరి_ప్రొపెల్లర్: ఆ 45 వదలండి సార్. ట్రయల్ పరుగులు ఎటూ ఎదురు, వెనక జంటగానే పెడతారు.

గిండీ_గణితం: వదలను. టాంక్‌లో ఏ కోణమైనా కొలవచ్చు.

ఎన్నూర్_యార్డ్: పొడుగాటి టోయింగ్ టాంక్‌లో అల ఎదురుగానో వెనకగానో వస్తుంది. ఏటవాలు అలకి వెడల్పాటి బేసిన్ కావాలి. సరే, 1:64 మోడల్ చేశారే అనుకోండి. పొడవు 5 మీటర్లు, అల ఎత్తు 31 మిల్లీమీటర్లు. మన 146 కిలోన్యూటన్లు అక్కడ అర న్యూటన్! అలల్లో లాగిన సగటులోంచి నిశ్చల నీటి సగటు తీసేస్తే మిగిలేది అంతే. నిశ్చల నీటిలో 14 న్యూటన్లున్న మోడల్‌కి క్యారేజ్ (మోడల్‌ని లాగే బండి) వేగం ఒక్క శాతం తప్పితే 0.28 తేడా. సగం హుళక్కి.

గిండీ_గణితం: మరి మీ 2 మీటర్లు ఎవరు కొలిచారు? బ్రిడ్జి మీంచి కంటిచూపుతో 2.5 అని రాస్తే 146 కాస్తా 228 అవుతుంది. ట్రయల్‌ కొలతలోంచి అది తీసేసే అంకె. ఎంత తీస్తే ఓడ అంత వేగంగా కనబడుతుంది, యార్డుకి పెనాల్టీ తప్పుతుంది.

ఎన్నూర్_యార్డ్: దొంగ లెక్కలంటున్నారన్నమాట. ముందే చెప్పొచ్చుగా, ఇంతసేపు 46 డిగ్రీలెందుకు?

గిండీ_గణితం: సూత్రంతో నాకు పేచీ లేదు. ఎత్తు రాసేది ఎవరన్నదే.

అడయార్_నావ: ట్రయల్ చోట వేవ్ బోయ్ (అల ఎత్తు కొలిచే తేలే పరికరం) వేస్తే?

ఎన్నూర్_యార్డ్: వేయండి, ఖర్చు ఓనర్‌దే.

గిండీ_గణితం: ఓనర్ బోయ్ అంకె మీరు ఒప్పుకుంటారా?

ఎన్నూర్_యార్డ్: డేటా ఇద్దరికీ ఒకేసారి వస్తే ఒప్పుకుంటాం. ట్రయల్ అయ్యాక ఈమెయిల్‌లో పంపిస్తానంటే కుదరదు.